బోనెట్ ఎత్తకుండా కొన్న కారు

శంషాబాద్,
14 జూన్ 2025

సుమా,

ఇక్కడ మీ అమ్మ మోకాళ్లు తప్ప అందరం బాగున్నాం. ఈ ఉత్తరం కూడా ఆ మోకాళ్ల వల్లే రాస్తున్నాను. మనం కారు కొన్నాం!

పోయిన నెల దవాఖానకు తీసుకుపోయేటప్పుడు మీ అమ్మను ఆటో ఎక్కించడానికి మీ అన్న ముందు నుంచి లాగాడు, నేను వెనక నుంచి నెట్టాను. అది చూసి ఆటోవాడు నవ్వాడు. అంతే. "ఇగ నేను ఆటో ఎక్క. సచ్చినా ఎక్క" అని భీష్మించుకు కూర్చుంది. మోకాళ్లకు వ్యాయామం చేయించడానికి వారం వారం రాజేంద్రనగర్ పోవాలి. ఎట్లా పోవడం? మీ అన్న ఎరువుల దుకాణంలో కూర్చుని కూడా ఇదే బెంగ పెట్టుకున్నాడు.

అప్పుడు పాండు వచ్చాడు. పాండు సంగతి నీకు నేను చెప్పాలా? మీ అన్నతో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాడు. ఎవరో ట్రావెల్స్‌వాళ్ల బండ్లు నడిపి బతుకుతున్నా, తన సొంత తెల్ల కారును మాత్రం పొద్దున్నే తుడుచుకుని మురిసిపోయేవాడు. ఆ కారునే అమ్ముతానన్నాడు. ధర వినగానే నేను చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ ధరకు మన దగ్గర పాత ఆటో కూడా రాదు.

మన మెకానిక్ సత్తయ్యకు ఒకసారి చూపిద్దామని మెల్లగా అన్నాను. మీ అన్న నన్ను లోపలికి పిలిచి, "దోస్తు దగ్గర బండి కొంటూ బోనెట్ ఎత్తి చూస్తమా? పాండుగాని మీద నమ్మకం లేదని వాని మొకం మీద చెప్పినట్టు గాదా?" అన్నాడు. ఈ మగవాళ్ల దోస్తీలో ఇదొక శాస్త్రం ఉన్నట్టుంది. కాబట్టి ఎవరమూ ఏమీ చూడలేదు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం, కొబ్బరికాయ కొట్టాం, మీ అమ్మ ముందు సీట్లో కూర్చుని వాడకట్టంతా తిరిగి వచ్చింది.

కారు చెడిపోతే బాగు చేయించుకోవచ్చు సుమా. కానీ దీని మూలంగా వాళ్లిద్దరికీ చెడితే మీ అన్న తట్టుకోలేడు. అన్నదమ్ములు లేని మనిషి. ఆయనకున్నది పాండు ఒక్కడే. నా భయమంతా అదే.

నీ ఉత్తరం వస్తే మీ అమ్మ వాకిట్లో కుర్చీ వేయించుకుని, ఇంటికి వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి చదివించుకుంటుంది కదా. చదివేది నేనే కాబట్టి నీకు తోచిందంతా రాయి. వినిపించకూడనివి నేను దాటేస్తాను.

నీ వదిన,
ప్రేమలత


తిర్యాణి దగ్గర,
27 జూన్ 2025

కారు గల వదినా,

ఇక నిన్ను పట్టుకోవడం కష్టమే. నల్ల కళ్లద్దాలు కూడా కొన్నావా?

ఇక్కడ వానలు మొదలయ్యాయి. వాగు పొంగితే మా గురుకులానికి పాలు రావు, టపా రాదు. సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ఎక్కితే కోతులు కిందికి దిగనివ్వవు. నిన్న ఒక కోతి ఏడో తరగతి పిల్ల రికార్డు పుస్తకం ఎత్తుకుపోయింది. ఆ పిల్ల ఏడవలేదు సరికదా, ఎగిరి గంతేసింది.

ఇప్పుడు అసలు మాట. ఇది అమ్మకు వినిపించకు. మా స్వర్ణలత మేడమ్ తమ్ముడు ఇట్లాగే చవకగా కారు కొన్నాడు. తీరా చూస్తే అది వరదలో మునిగిన బండి. జల్‌పల్లి వైపు వానలకు ఎన్ని బండ్లు నీళ్లలో ఉన్నాయో మనం చూడలేదా? అట్లాంటివి పైన కడిగి, ఎండబెట్టి, అత్తరు కొట్టి అమ్మేస్తారట. నడిచినన్ని రోజులు నడిచి ఒకరోజు నడిరోడ్డు మీద ఆగిపోతాయట. నువ్వు సీటు బెల్టు చివరి దాకా బయటికి లాగి చూడు. పైన ఎంత కడిగినా బెల్టు మొదట్లో బురద చార ఉంటుందని మేడమ్ చెప్పింది. వెనక డిక్కీలో స్టెప్నీ కింద కూడా చూడు.

పాండన్న మంచివాడే, కాదనను. కానీ బిడ్డలా చూసుకున్న కారును ఎవరైనా అంత చవకగా ఇస్తారా?

సుమ


శంషాబాద్,
9 జూలై 2025

సుమా,

నువ్వు చెప్పినట్టే చేశాను. మీ అన్న స్నానానికి పోగానే కారులో దూరి బెల్టులన్నీ ఒక్కొక్కటి లాగాను. ఒక బెల్టు లోపలికి పోనని మొండికేసింది. దాంతో కుస్తీ పడుతుంటే మీ అమ్మ కిటికీలోంచి చూసి, "గదేంది ప్రేమా, బండితోని కొట్లాడుతున్నవ్?" అంది. శుభ్రం చేస్తున్నానని చెప్పాను. బురద లేదు. స్టెప్నీ కింద కూడా లేదు. ఒక పాత గొడుగు, పాండు భార్య భాగ్యలక్ష్మి గాజు ముక్క దొరికాయి. హమ్మయ్య అనుకుని ఆ రోజు మీ అన్నకు ఇష్టమని పచ్చిపులుసు చేశాను.

కానీ బెల్టులు చూస్తూ చూస్తూ ఇంకోటి చూశాను. బండికి ముందు ఎడమ వైపు అంతా గీతలే. బంపర్ మూల సొట్టపోయి ఉంది. దాని మీద పైపైన రంగు పూశారు. కుడి పక్క మాత్రం కొత్తదానిలా ఉంది. పాండు లాంటి డ్రైవరు బండికి ఇన్ని దెబ్బలా?

ఇంకా విను. మొన్న కూరగాయల మార్కెట్‌లో పాండు ఎదురొచ్చాడు. నవ్వాను. నా పక్క నుంచే, మనిషిని చూడనట్టు వెళ్లిపోయాడు. ఎప్పుడూ దూరం నుంచే "వదినా" అని అరిచేవాడు! డబ్బు చేతికి అందాక మనుషులు కనబడరు కాబోలు అనుకున్నాను. బాధ కూడా వేసింది. బోనాల నాడు భోజనానికి పిలిస్తే, పొద్దు వాలకముందే వెళ్లాలని తొందర పడ్డాడు. కారు దగ్గరికి కూడా పోలేదు. ట్రావెల్స్ పని కూడా మానేశాడట. ఎందుకని మీ అన్న అడిగితే, "మనసు ఒప్పుతలేదు" అని మాట దాటేశాడు.

మీ అన్నకు ఇవేవీ పట్టవు. కారు చూసి మురుస్తున్నాడు. మీ అమ్మ రాజేంద్రనగర్ రాకపోకల్లో అగ్రికల్చర్ యూనివర్సిటీ చెట్లన్నీ లెక్కపెట్టేస్తోంది. నాకు మాత్రం మనసులో పురుగు తొలుస్తోంది. నువ్వేమంటావు?

నీ వదిన


తిర్యాణి దగ్గర,
22 జూలై 2025

వదినా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా అమ్మ ఆ కారులో తిరుగుతోంది.

నాకు తోచింది సూటిగా రాస్తున్నాను. పాండన్న ఆ కారుతో ఎవరినో గుద్ది ఉంటాడు. లేకపోతే ఎడమ పక్క ఆ దెబ్బలేమిటి, పైన రంగేమిటి, ఉన్న పని మానేయడమేమిటి? నీ ముఖం చూడలేక తప్పుకుని పోతున్నాడు. రేపు పోలీసులు బండిని వెతుక్కుంటూ వస్తే ఎవరి ఇంటికి వస్తారు? మన ఇంటికి! దోస్తు దోస్తు అంటూనే ఆ పీడను తెచ్చి మా అన్న నెత్తిన పెట్టాడు. అన్నకు నువ్వు చెప్పలేకపోతే నేనే చెబుతాను. ఆ కారు తిరిగి ఇచ్చేయండి.

కోపంగా రాశాననుకోకు. భయంతో రాశాను. ఇది మాత్రం అమ్మ ముందు ఒక్క ముక్క కూడా చదవకు.

సుమ


శంషాబాద్,
5 ఆగస్టు 2025

సుమా,

కొంప మునిగింది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను రేషన్ దుకాణం వరుసలో ఉన్నాను. ఇంట్లో మీ అమ్మ, మీ అన్న. వాళ్లను చూసిపోదామని అప్పుడే పాండు, భాగ్యలక్ష్మి వచ్చారు. టీలు అయ్యాయి. సరిగ్గా అప్పుడు పోస్ట్‌మాన్ వచ్చాడు. మీ అమ్మ నా కోసం ఆగుతుందా? కుర్చీ వాకిట్లోకి వేయించుకుని, కవరు చింపించి, "నా బిడ్డ రాసింది, జర చదువు పాండూ" అని అతని చేతికే ఇచ్చింది. పాండు కాగితాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, "అద్దాలు తేలేదు పెద్దమ్మా" అంటూ భార్యకు అందించాడు.

భాగ్యలక్ష్మి ఎట్లా చదువుతుందో నీకు తెలుసు. బళ్లో పాఠం చదివినట్టు గొంతెత్తి చదువుతుంది. నోరు ముందు పోతుంది, అర్థం వెనక వస్తుంది. "ఎవరినో గుద్ది ఉంటాడు" దాటింది, పోలీసులు దాటింది, "మా అన్న నెత్తిన పెట్టాడు" దగ్గర ఆగిపోయింది. నేను బియ్యం సంచితో గుమ్మంలోకి వచ్చేసరికి కాగితం భాగ్యలక్ష్మి ఒళ్లో పడి ఉంది. పాండు టీ గ్లాసు స్టూలు మీద పెట్టబోయి పక్కకు వదిలేశాడు. అది పగిలింది. లేచి వెళ్లిపోయాడు. భాగ్యలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతని వెనకాలే పోయింది.

మీ అన్న నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు రాసినవా సుమకు? గా గీతలు, పాండు మొకం తప్పిచ్చుకునే ముచ్చట, గిదంత?" అని అడిగాడు. అవునన్నాను. అప్పుడే చెప్పులేసుకున్నాడు. పాండు ఇంటికి పోయి వచ్చాడు. అతను ఇంట్లో ఉండి కూడా లేడని చెప్పించాడట. ఫోన్ ఎత్తడం లేదు. మీ అన్న కారు మీద టార్పాలిన్ కప్పేశాడు. అన్నం ముందు కూర్చుంటున్నాడు, కలుపుతున్నాడు, లేస్తున్నాడు. మీ అమ్మ రాజేంద్రనగర్ మానేసింది. ఆటో ఎక్కదు, కారు అడగదు.

నేను దేనికి భయపడ్డానో అదే జరిగింది. అదీ నా చేతులతో, నీ చేతులతో.

ప్రేమలత


తిర్యాణి దగ్గర,
16 ఆగస్టు 2025

వదినా,

ఏం రాయాలో తెలియడం లేదు. ఉత్తరం అందగానే వానలోనే ట్యాంకు ఎక్కాను. పాండన్న ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. దిగుతుంటే కాలు జారి మోచేయి దోక్కుపోయింది. వార్డెన్ తిట్టింది. తక్కువే తిట్టింది అనిపించింది.

నా చిన్నప్పుడు జాతరలో తప్పిపోతే నన్ను భుజాన మోసుకొచ్చింది పాండన్నే. అట్లాంటి మనిషిని నేను ఎవరినో గుద్దినవాణ్ని చేశాను. నువ్వు పోయి నా తరఫున కాళ్లు పట్టుకో వదినా. రానిచ్చినా సరే, రానివ్వకపోయినా సరే. అతను నిజంగా తప్పు చేసి ఉన్నా నాకు ఇప్పుడు అక్కర్లేదు. అన్న అన్నం తింటే చాలు.

సుమ


శంషాబాద్,
30 ఆగస్టు 2025

సుమా,

ముందే చెబుతున్నాను, ఊపిరి పీల్చుకో. అంతా మంచే జరుగుతోంది. ఇప్పుడు వరుసగా విను.

నీ ఉత్తరం రాగానే మీ అన్నకు చెప్పకుండా పాండు ఇంటికి పోయాను. పట్టపగలు, మంచి ఎండ. పాండు అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గేటు తీసుకుని ఎదురుగా పోయి నిలబడ్డాను. నా వైపే చూస్తూ, "ఎవరమ్మా? భాగ్య లోపల లేదు, బయటికి వోయింది" అన్నాడు.

నాకు వెటకారమనిపించింది. ఒక్క క్షణమే. ఆ ముఖంలో వెటకారం లేదు సుమా. నిజంగానే ఎవరో అని వెతుకుతున్నాడు. "నేను పాండూ, ప్రేమలతను" అన్నాను. గొంతు వినగానే తల దించుకున్నాడు. మార్కెట్ గుర్తొచ్చింది, ఎడమ పక్క గీతలు, పొద్దు వాలకముందే వెళ్లిపోవడం, చదవలేక తిప్పిన కాగితం, స్టూలు అందని గ్లాసు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. "నీకు కనబడతలేదా?" అని అడిగేశాను.

మగవాడు అట్లా ఏడవగా నేను చూడలేదు. "ఎడమ కన్ను మొత్తానికే వోయింది వదినా. కుడిది మబ్బు మబ్బు. మా నాయినకు గిట్లనే మొదలై గుడ్డోడై సచ్చిండు. నాకు గదే రాసిపెట్టుంది. ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఒకనాడు సైకిల్ మీద పోయే ముసలాయన నాకు అగవడలే. అంగుళంల తప్పిండు. ఆడనే బండి ఆపి కూసున్న. మల్ల స్టీరింగ్ పట్టద్దనుకున్న" అన్నాడు.

డాక్టరు దగ్గరికి పోలేదా అంటే, పోతే ఆ మాటే చెబుతాడని పోలేదట. భార్యకు కూడా చెప్పలేదట. మరి అంత చవకగా ఎందుకిచ్చావన్నాను. "ఎక్కువ అడిగితే మెకానిక్‌ని తెస్తరు, ఎందుకు అమ్ముతున్నవని అడుగుతరు. తక్కువకిస్తే ఎవ్వరు ఏమడగరనుకున్న" అన్నాడు. ఆ తక్కువ ధర వల్లే కదయ్యా ఇంత కథ నడిచింది! ఏడుపులో నాకు నవ్వు వచ్చింది. అతనూ నవ్వాడు. "పట్నపోళ్లకు అమ్మబుద్ధి కాలే వదినా. మీ ఇంట్ల, మా మల్లిగాని దగ్గరుంటే దాని సప్పుడన్న వినొచ్చు" అన్నాడు. నీ తరఫున క్షమించమని అడిగాను. "సుమ చిన్నపిల్ల. వాళ్లమ్మ గురించి భయపడ్డది" అన్నాడు. ఇంతే. ఇన్నాళ్లూ ముఖం చాటేసింది కోపంతో కాదట, మీ అన్న ఎదురుగా నిలబడి కారణమడిగితే దాచలేనని.

మీ అన్నకు చెప్పవద్దని బతిమాలాడు. నేను మాట ఇవ్వలేదు. ఇంటికి రాగానే చెప్పాను. మీ అన్న చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. టార్పాలిన్ లాగి పారేసి కారు తీశాడు. పాండు గేటు ముందు ఆపి, "ఎక్కు" అన్నాడు. "ఏడికి రా?" అంటే, "నోరు మూసుకొని ఎక్కు. నీ కన్ను నాకు అమ్మినవా, బండి అమ్మినవా? దాస్తవురా నా దగ్గర?" అని అరిచాడు. అరుస్తూనే చేయి పట్టుకుని ఎక్కించాడు.

కంటి దవాఖానలో పొద్దంతా పరీక్షలు చేశారు. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. "ఇవి శుక్లాలండీ. షుగర్ వల్ల తొందరగా ముదిరాయి. వెనక నరం బాగానే ఉంది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది, కంగారు పడకండి" అంది. మీ అన్న ఆమెతో ఇంకోసారి చెప్పించుకున్నాడు. పాండు మాత్రం, "మా నాయినకు గూడ ఇదేనా మేడం?" అని అడిగాడు. ఆయనను చూడకుండా చెప్పలేననీ, అయి ఉండవచ్చనీ ఆమె అంది. అప్పుడు పాండు గోడ వైపు తిరిగాడు. మీ అన్న పోయి పక్కనే నిలబడ్డాడు.

షుగర్ తగ్గగానే మొదట ఎడమ కన్నుకు చేస్తారు. మీ అన్న రాత్రి మూడు ముద్దలు మారు వడ్డించుకున్నాడు.

నీ వదిన


తిర్యాణి దగ్గర,
11 సెప్టెంబర్ 2025

వదినా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు క్లాసులో ఉన్నాను. చదువుతూ అక్కడే ఏడ్చేశాను. పిల్లలు భయపడి చుట్టూ మూగారు. మంచి వార్తకు ఏడుస్తున్నానంటే నమ్మలేదు. చివరికి ఆ రోజు పాఠం ఆపి కంటి బొమ్మ గీసి, శుక్లం అంటే ఏమిటో చెప్పాను. ఒక పిల్ల లేచి, "టీచర్, మా తాతకు గట్లనే ఉన్నది" అంది. వాళ్ల నాన్న వచ్చి ముసలాయనను మంచిర్యాలకు తీసుకుపోతానన్నాడు.

ఈసారి ఉత్తరం పాండన్నకు విడిగా రాశాను. దాన్ని అమ్మ ముందే గట్టిగా చదివించు. నేను చేసిన తప్పు అందరూ వినాలి. అదయ్యాక అన్న ఏం చేస్తున్నాడో రాయి.

సుమ


శంషాబాద్,
6 అక్టోబర్ 2025

సుమా,

దసరా బాగా జరిగింది. నువ్వు లేవన్న వెలితి తప్పితే లోటేమీ లేదు.

పాండు రెండు కళ్ల ఆపరేషన్లూ అయ్యాయి. మొదటి కట్టు విప్పిన రోజు భాగ్యలక్ష్మిని చూసి, "నీకు ఇన్ని తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినయే?" అన్నాడట. ఆమెకు సంతోషపడాలో కోపం తెచ్చుకోవాలో తెలియలేదట. నీ ఉత్తరం వాకిట్లో అందరి ముందు అతనే చదివాడు. మధ్యలో ఆగి మీ అమ్మ వైపు చూశాడు. ఆమె మాత్రం, "ఆగకు, చదువు, నా బిడ్డ ఇంక ఏం రాసింది?" అంటూనే ఉంది.

పండగ నాడు ఇద్దరూ జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకుని, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. మీ అన్న ఆకుతోపాటు కారు తాళం చెవి కూడా పాండు చేతిలో పెట్టాడు. పాండు ఆకు ఉంచుకుని తాళం చెవి తిరిగి ఇచ్చేశాడు. "అమ్మిన బండి అమ్మినట్టే. డ్రైవర్ గావాల్నంటే పిలువు, వస్త" అన్నాడు. ట్రావెల్స్‌వాళ్లు మళ్లీ పనిలోకి రమ్మన్నారట.

నిన్న ఆదివారం. ఇక నడపవచ్చని డాక్టరమ్మ చెప్పిందని పాండు పొద్దున్నే వచ్చాడు. మమ్మల్నందరినీ ఎక్కించుకున్నాడు. మీ అన్న ముందు పక్క సీటు, మీ అమ్మ, నేను, భాగ్యలక్ష్మి వెనక. బాలాపూర్ దాకా పోయి, అక్కడ పాండు మేనత్త కౌసల్యమ్మను పలకరించి, భోజనం చేసి తిరిగి వస్తున్నాం. మొదట్లో నేను బెల్టు గట్టిగా పట్టుకున్నానని ఒప్పుకుంటాను. కాసేపటికి వదిలేశాను. ఎడమ పక్క లారీలు, కుడి పక్క బస్సులు, మధ్యలో పాండు చేతులు నెమ్మదిగా తిరుగుతున్నాయి. పైన విమానం దిగుతుంటే దాని తోక మీది బొమ్మ కూడా చెప్పాడు.

దారిలో మీ అన్న నిద్రపోయాడు. ఈ కారు కొన్నప్పటి నుంచి ఇందులో ఆయన కునుకు తీయగా నేను చూడలేదు. తల పక్కకు వాల్చి, నోరు తెరుచుకుని, పసిపిల్లాడిలా పడుకున్నాడు. పాండు పాటలు ఆపేసి కిటికీ అద్దం ఎక్కించాడు.

మన గల్లీ వచ్చింది. పాండు తిప్పలేదు. ముందుకే పోనిచ్చాడు. మీ అమ్మకు కంగారు పుట్టింది.

"పాండూ, ఇల్లు దాటిపోతున్నవ్‌రా!"

"ఎరికే పెద్దమ్మా, ఇల్లు కనవడుతుంది" అన్నాడు మెల్లగా. "వాన్ని జర పండుకోనీ."

మీ అమ్మ సీటుకు వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఇంకో చుట్టు తిరిగి ఇంటికి వచ్చాం.

నీ వదిన,
ప్రేమలత